ఇంట్లో కట్టుకున్న హాట్ రాడ్‌ని డైనో మీద ట్యూన్ చేయించడం ఎలా?

బండి స్టార్టయింది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది కూడా. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఊగుతోంది, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ముందు తడబడి ఆ తర్వాతే లేస్తోంది, సైలెన్సర్ దగ్గర నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వస్తోంది. గ్యారేజీలో సొంతంగా హాట్ రాడ్ (బరువు తగ్గించి, ఇంజను బలం పెంచిన పాత తరహా కారు) కట్టుకున్నవాళ్లలో చాలామంది వచ్చి ఆగేది ఇక్కడే. చెవితో, ముక్కుతో, స్నేహితుల సలహాలతో ట్యూనింగ్ కొంతదూరమే నడుస్తుంది. మిగతాది డైనో (బండిని కట్టేసి నడిపి, దాని శక్తిని కొలిచే యంత్రం) మీద చేయించుకోవాలి.

హాట్ రాడ్లు పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలో. 1930లు, 40లలో అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డు కార్ల బరువు తగ్గించి, ఇంజను బలం పెంచి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను తెచ్చాక ఆ ఏటి మోడలంటే వీళ్లకు ప్రాణమైపోయింది. 1955లో షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 వచ్చింది. తర్వాత వచ్చిన దాని 350 క్యూబిక్ అంగుళాల రూపానికి విడిభాగాలు ఇప్పటికీ అమెరికాలో ఎక్కడైనా చవగ్గా దొరుకుతాయి. అందుకే ఇక్కడ ఉదాహరణగా తీసుకునే బండి కూడా అలాంటిదే: 1932 ఫోర్డు తరహా బాడీ, షెవీ 350 ఇంజను, హోలీ కంపెనీ నాలుగు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బ్యురేటర్, టర్బో 350 ఆటోమేటిక్ గేరుబాక్సు, వెనక యాక్సిల్‌లో 3.73 గేరు నిష్పత్తి.

ఇండియాలో ఇలాంటి బండి కట్టి రోడ్డెక్కించడం కుదరని పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. కాబట్టి ఇది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటికి గ్యారేజీ ఉండి, వారాంతాల్లో చేతికి గ్రీజు అంటించుకునే మనవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

డైనో కొలిచేదేమిటి?

షాపుల్లో ఎక్కువగా ఉండేది ఛాసిస్ డైనో. బండి వెనక చక్రాలను రోలర్ల మీద నిలిపి, బెల్టులతో కట్టేసి, ఇంజనును నడుపుతారు. చక్రాల దగ్గరికి ఎంత శక్తి చేరుతోందో రోలర్ చెబుతుంది. చక్రాలు ఊడదీసి నేరుగా హబ్బులకే బిగించే రకం కూడా ఉంది.

రోలర్ డైనోల్లో రెండు జాతులున్నాయి. మొదటిది ఇనర్షియా డైనో. బరువైన రోలర్‌ను మీ ఇంజను ఎంత త్వరగా తిప్పగలిగిందన్న దాన్నిబట్టి లెక్క కడుతుంది. పూర్తిగా తొక్కి తక్కువ ఆర్‌పీఎం నుంచి ఎక్కువకు లాగడానికి ఇది బాగుంటుంది. ఈ లాగుడునే షాపుల్లో పుల్ అంటారు. రెండోది లోడ్ డైనో. ఇది రోలర్‌ను విద్యుదయస్కాంత బ్రేకుతో పట్టి ఉంచగలదు. అంటే 2,200 ఆర్‌పీఎం దగ్గర, హైవే మీద వెళ్తున్నంత బరువు పెట్టి, ఇంజనును అక్కడే ఎంతసేపైనా నిలబెట్టి చూడొచ్చు. రోడ్డు మీద తిప్పుకునే బండికి నా ఓటు లోడ్ డైనోకే. మీరు ఆ బండిని పూర్తిగా తొక్కేది ఎప్పుడో ఒకసారి, సగంలో సగం తొక్కి నడిపేది రోజంతా.

ఇక అంకెల గొడవ. ఒంటి బరువును రెండు దుకాణాల కాటాల మీద తూచినట్టు, ఒకే బండి రెండు డైనోల మీద రెండు అంకెలు చూపిస్తుంది. గాలి వేడిని, ఒత్తిడిని బట్టి చేసే సవరణలోనూ తేడా ఉంది. పాత ఎస్‌టీడీ పద్ధతి ఎస్‌ఏఈ పద్ధతి కన్నా సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. 1972కి ముందటి అమెరికన్ కంపెనీలు చెప్పుకున్న హార్స్‌పవర్ చాలావరకు గ్రాస్ లెక్క. ఫ్యాను, సైలెన్సరు లాంటివేవీ లేకుండా స్టాండు మీద కొలిచింది. దానికి తోడు గేరుబాక్సు, యాక్సిల్ తినేసేది మాన్యువల్‌కి 15 శాతం, ఆటోమేటిక్‌కి 20 శాతం దాకా ఉంటుందని ఒక మోటు లెక్క. కాబట్టి కాగితం మీద 300 హార్స్‌పవర్ అని ఉన్న పాత 350 ఇంజను చక్రాల దగ్గర 200 చూపిస్తే కంగారు పడకండి. ఆ రోజు మొదటి పుల్‌కీ చివరి పుల్‌కీ మధ్య తేడా ఎంత అన్నదే మీకు కావలసిన అంకె.

ఇంటి దగ్గరే ముగించాల్సిన పనులు

షాపులు గంట లెక్కన డబ్బు తీసుకుంటాయి. అమెరికాలో చాలాచోట్ల అది గంటకు 100 డాలర్లకు పైనే. ఆ గంటల్లో ట్యూనర్ మీ బండి కింద దూరి ఆయిల్ లీకేజీ వెతుకుతూ ఉంటే అది మీ జేబుకే చిల్లు. అందుకే అసలు పని ఇక్కడుంది, ఎక్కువసేపు చెప్పేది కూడా దీని గురించే.

మొట్టమొదట ఇంజను రన్నింగ్-ఇన్ పూర్తయి ఉండాలి. ఫ్లాట్ ట్యాపెట్ రకం కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) అయితే తొలిసారి స్టార్ట్ చేసిన వెంటనే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య 20, 30 నిమిషాలు నడపాలి. జింకు ఎక్కువగా ఉన్న ఆయిలే పోయాలి. ఆ తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చి, కొన్ని వందల మైళ్లు మామూలుగా తోలాలి. నిన్న బిగించిన ఇంజనును ఇవాళ డైనో ఎక్కించి ఆరు వేల ఆర్‌పీఎంకి లాగితే ఏదైనా జరగొచ్చు, ఆ బాధ్యత షాపు తీసుకోదు.

రెండోది అందరూ మరిచిపోయే చిన్న పరీక్ష. ఇంజను ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి పెడల్ నేలకు తొక్కమనండి. మీరు పైనుంచి కార్బ్యురేటర్‌లోకి చూడండి. గాలిని వదిలే థ్రాటిల్ పలకలు నిలువుగా నిలబడ్డాయా? సొంతంగా అమర్చిన లింకేజీల్లో (పెడల్‌ను కార్బ్యురేటర్‌కు కలిపే కడ్డీల్లో) ఇవి చాలాసార్లు ముప్పావు వంతు మాత్రమే తెరుచుకుంటాయి. ఒక బోల్టు సర్దితే వచ్చే శక్తి కోసం డైనో దాకా వెళ్లనక్కర్లేదు. పెడల్ వదిలినప్పుడు స్ప్రింగు పలకల్ని గట్టిగా వెనక్కి లాగుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. రోలర్ల మీద యాక్సిలరేటర్ ఇరుక్కుపోవడం కన్నా భయంకరమైనది ఇంకోటి లేదు.

మూడోది టైమింగ్ గుర్తు. టైమింగ్ అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్ నిప్పురవ్వ వేస్తుందన్న లెక్క. పాత ఇంజనుకు ముందువైపు ఉండే హార్మోనిక్ బ్యాలెన్సర్‌లో రెండు ఉక్కు రింగుల మధ్య రబ్బరు పొర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు అరిగి బయటి రింగు జారుతుంది, దాంతోపాటు దాని మీదున్న గుర్తూ జారుతుంది. అప్పుడు టైమింగ్ లైటు 34 డిగ్రీలు అంటే నిజంగా అది 40 కావచ్చు, 28 కావచ్చు. ఒకటో సిలిండర్ ప్లగ్ తీసి, పిస్టన్ స్టాప్ అనే చిన్న పనిముట్టు బిగించి, క్రాంక్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, ఆగిన రెండు చోట్ల గుర్తులు పెట్టండి. వాటికి సరిగ్గా మధ్యలో అసలు సున్నా ఉంటుంది. బ్యాటరీ కేబుల్ తీసి మరీ ఈ పని చేయండి. మీ బ్యాలెన్సర్ గుర్తు అక్కడ లేకపోతే దాన్ని నమ్మి ఎవరూ ట్యూన్ చేయలేరు, కొత్త బ్యాలెన్సర్ కొనాల్సిందే.

గాలి లీకేజీలు రెండు రకాలుగా మోసం చేస్తాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో వాక్యూమ్ గొట్టం దగ్గరో గాలి లాక్కుంటే ఐడిల్ (పెడల్ తొక్కనప్పటి ఇంజను నడక) ఎంత తిప్పినా కుదరదు. హెడర్ (ఇంజను నుంచి పొగను తీసుకెళ్లే గొట్టాలు) గాస్కెట్ దగ్గర పొగ లీకైతే బయటి గాలి లోపలికి చేరి, పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ పెట్రోలు తక్కువైందని అబద్ధం చెబుతుంది. ట్యూనర్ ఆ మాట నమ్మి జెట్లు (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే చిన్న రంధ్రాల ముక్కలు) పెంచితే బండి పొగ కక్కుతుంది.

అదే సెన్సర్ కోసం సైలెన్సర్ పైపుకు 18 మిల్లీమీటర్ల మర ఉన్న బంగ్ (సెన్సర్ బిగించే నట్టులాంటి ముక్క) ముందే వెల్డింగ్ చేయించుకోండి. హెడర్ గొట్టాలన్నీ కలిసే చోటు దాటాక, పైపు పైభాగంలో, నీరు నిలవకుండా అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి. షాపుల్లో పైపు చివర తగిలించే సెన్సర్ ఉంటుంది గానీ, హాట్ రాడ్లకు పెట్టే పొట్టి లేక్ పైపుల్లో బయటి గాలి వెనక్కి దూరి ఆ రీడింగ్ పనికిరాకుండా పోతుంది.

పెట్రోలు సరఫరా చూడండి. హోలీ కార్బ్యురేటర్‌కు 5 నుంచి 7 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు, అంతకు మించితే ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పొంగుతుంది. సొంతంగా చేయించిన ట్యాంకుల్లో గాలి తీసుకునే వెంట్ సరిగ్గా లేకపోతే, పది నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత ఇంజను ఆకలికి చచ్చిపోతుంది. ఫిల్టరు కొత్తది వేయండి. ట్యాంకులో మీరు రోజూ పోసే పెట్రోలే ఉండాలి. మీ ఊళ్లో 91 ఆక్టేన్ దొరికితే 91 మీదే ట్యూన్ చేయించాలి. రేసు పెట్రోలు పోసి తెచ్చుకున్న అంకెలు ఇంటికొచ్చాక నాకింగ్‌గా (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడంగా) మారతాయి.

టైర్ల గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు, కానీ ప్రాణం మీదికి తెచ్చేది అవే. మన ఉదాహరణ బండిని తీసుకుందాం: 28 అంగుళాల టైరు, 3.73 నిష్పత్తి, టాప్ గేరు, 6,000 ఆర్‌పీఎం. ఆర్‌పీఎంను టైరు వ్యాసంతో హెచ్చించి, యాక్సిల్ నిష్పత్తితోనూ 336తోనూ భాగిస్తే గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. ఇక్కడ అది 134. రోలర్ల మీద టైరు నిజంగా ఆ వేగంతోనే తిరుగుతుంది. పాత తరహా టైర్లకు తరచుగా ఉండే ఎస్ స్పీడ్ రేటింగ్ 112 మైళ్ల వరకే, హెచ్ రేటింగ్ కూడా 130 వరకే. పుల్‌ను 5,000 దగ్గర ఆపమనండి, లేదంటే రెండో గేరులో లాగమనండి. అందం కోసం వేసుకున్న పాత రకం బయాస్ ప్లై టైర్లయితే మంచి రేడియల్ టైర్లున్న చక్రాలు ఆ ఒక్కరోజుకి అడిగి తెచ్చుకోవడం నయం. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 1418 అంటే 2018లో 14వ వారం. మరీ పాతవైతే గాడులు బాగున్నా ఆ టైర్లతో డైనో ఎక్కొద్దు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. డ్రైవ్‌షాఫ్ట్ యూ-జాయింట్లలో ఆట ఉండకూడదు, షాఫ్ట్ తెగినా ఎగిరిపడకుండా చుట్టూ లూప్ ఉండాలి. వీల్ నట్లు టార్క్ రెంచితో బిగించాలి. రేడియేటరు నిండుగా, ఫ్యాను సరిగ్గా ఉండాలి. కొత్త స్పార్క్ ప్లగ్గులు వేయాలి. కంప్రెషన్ పరీక్ష చేసి ఎనిమిది సిలిండర్ల అంకెలు రాసుకోవాలి. బెల్టులు కట్టడానికి ఫ్రేముకు గట్టి చోట్లు ఉన్నాయో లేదో కిందికి వంగి ఒకసారి చూసుకోండి. పెయింటు వేసిన సున్నితమైన రాడ్ల మీద కొక్కేలు వేయడానికి ఏ ట్యూనరూ ఇష్టపడడు.

షాపును ఎంచుకోవడం

దగ్గర్లో ఉందనో, ఇంటర్నెట్‌లో పెద్ద పేరుందనో వెళ్లకండి. ఇప్పుడు చాలామంది ట్యూనర్లు లాప్‌టాప్‌తో ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు చేసేవాళ్లే. వాళ్లు పనిమంతులే, కానీ కార్బ్యురేటర్ విప్పి జెట్లు మార్చమంటే తల గోక్కుంటారు. ఫోన్లో మొదట ఇదే అడగండి: హోలీ జెట్లు, పవర్ వాల్వులు, డిస్ట్రిబ్యూటర్ స్ప్రింగులు మీ దగ్గర స్టాకు ఉంటాయా? వెంటనే జవాబు వస్తే మీరు సరైన చోటికే ఫోన్ చేశారు.

తర్వాత డబ్బు సంగతి. గంట లెక్కా, మొత్తం ప్యాకేజీయా? లీకేజీ బయటపడి మధ్యలో ఆపేస్తే ఎంత తీసుకుంటారు? ఏదైనా విరిగితే ఎవరిది బాధ్యత? దాదాపు అన్ని షాపులూ మీ చేత బాధ్యత మీదేనన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటాయి, టెన్షన్ పడనక్కర్లేదు, కానీ చదివి పెట్టండి. పని జరుగుతుంటే మిమ్మల్ని చూడనిస్తారా అని కూడా అడగండి. అద్దం వెనక నుంచైనా సరే.

ఆ రోజు పట్టుకెళ్లాల్సినవి

ఒక కాగితం మీద బండి జాతకమంతా రాసుకోండి: కామ్‌షాఫ్ట్ వివరాలు, కంప్రెషన్ నిష్పత్తి, హెడ్లు ఏవి, కార్బ్యురేటర్ మోడలు, ఇప్పుడున్న జెట్ల నంబర్లు, ఇగ్నిషన్ రకం, యాక్సిల్ నిష్పత్తి, టైరు కొలత, ఎంత ఆర్‌పీఎం దాటకూడదు. దాంతోపాటు మీకున్న జెట్లకు పైనా కిందా రెండు మూడు సైజులు, ఫ్లోట్ బౌల్ గాస్కెట్లు, ఒక అదనపు ప్లగ్గుల సెట్టు, ఆయిలు, కూలెంటు పెట్టుకోండి. గాస్కెట్ ఒక్కటి చిరిగితే షాపులో స్టాకు లేక మధ్యాహ్నమంతా పోయిన సందర్భాలు చాలా ఉంటాయి.

బండిని వీలైతే మీరే తోలుకుంటూ వెళ్లండి. ఆ ప్రయాణంలో ఏదైనా మొరాయిస్తే అది డైనో ఎక్కకముందే తెలిసిపోతుంది.

రోలర్ల మీద పని ఏ వరుసలో జరగాలి

1. బండిని కట్టి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి, ఇంజనూ గేరుబాక్సూ యాక్సిలూ వేడెక్కేదాకా మెల్లగా నడుపుతారు. బెల్టులు బిగించాక ట్యూనర్ ఇంకోసారి కదిలించి చూస్తున్నాడో లేదో గమనించండి.

2. ఆటోమేటిక్ గేరుబాక్సు అయితే ఇక్కడ ఒక మాట. పూర్తిగా తొక్కగానే అది కింది గేరుకు దిగిపోయి పుల్ పాడవుతుంది. టర్బో 350కి కిక్‌డౌన్ కేబుల్‌ను ఆ కాసేపు విడదీయొచ్చు, నష్టమేమీ లేదు. కానీ 700ఆర్4 గేరుబాక్సుకు ఉండే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని విడదీసి నడిపితే లోపలి ఒత్తిడి పడిపోయి క్లచ్‌లు కాలిపోతాయి. మీ గేరుబాక్సు ఏదో ట్యూనర్‌కు మీరే నోరు తెరిచి చెప్పండి.

3. వాక్యూమ్ అడ్వాన్స్ (తక్కువ తొక్కి నడిపేటప్పుడు టైమింగ్‌ను పెంచేది) గొట్టం తీసి మూసేసి, టైమింగ్ లైటుతో మొదటి కొలత తీసుకుంటారు. స్మాల్ బ్లాక్ షెవీకి ఐడిల్‌లో 10 నుంచి 14 డిగ్రీలు, 3,000 ఆర్‌పీఎంకి మొత్తం 34 నుంచి 36 డిగ్రీలు మామూలుగా కుదురుతాయి. మొదట 30, 32 దగ్గర పెట్టి మొదలుపెట్టే ట్యూనర్‌ను నమ్మొచ్చు.

4. తర్వాత ఐడిల్. గాటు కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేది) ఉన్న ఇంజనుకు ఐడిల్‌లో సెన్సర్ చెప్పేది నమ్మకూడదు, కాలని గాలి కలిసి లీన్ (పెట్రోలు తక్కువ) అని చూపిస్తుంది. వాక్యూమ్ గేజి చూస్తూ, సూది ఎక్కువ దగ్గర నిలకడగా నిలిచేదాకా మిక్స్చర్ స్క్రూలు తిప్పాలి. పవర్ వాల్వు (ఎక్కువ తొక్కినప్పుడు అదనంగా పెట్రోలు వదిలేది) కూడా ఇప్పుడే తేలాలి. గేరులో ఉంచి ఐడిల్‌లో ఉన్న వాక్యూమ్‌లో సగం దగ్గర తెరుచుకునేది వేయాలని లెక్క. గేజి మీద 13 అంగుళాలుంటే 6.5 వాల్వు. అంతకన్నా ముందే తెరుచుకునేది ఉంటే బండి నిలబడ్డా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. మొదట్లో చెప్పిన పచ్చి వాసనకు ఇదీ ఒక కారణం కావచ్చు.

5. ఇప్పుడు క్రూజ్, అంటే నిలకడ వేగంతో వెళ్లడం. లోడ్ డైనో ఉన్నచోట ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. 1,800, 2,200, 2,600 ఇలా ఒక్కొక్క చోట నిలబెట్టి, గాలి పెట్రోలు నిష్పత్తి చూస్తారు. మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సమంగా కాలే లెక్క, 10 శాతం ఇథనాల్ కలిసినదానికి అది 14.1 చుట్టూ ఉంటుంది. కార్బ్యురేటర్ బండి క్రూజ్‌లో 13.5 నుంచి 14.5 మధ్య మెత్తగా నడిస్తే చాలు. ఇది కార్బ్యురేటర్ ముందువైపు జెట్లతో సరిచేస్తారు. వాక్యూమ్ అడ్వాన్స్ తిరిగి కలిపి, కుదుపు లేకుండా ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా ఇక్కడే తేల్చాలి. ఇది ఇంజను చల్లగా నడవడానికీ, మైలేజీకీ పనికొస్తుంది. రేసు బండ్లకు ఉండదని చూసి రోడ్డు బండికి కూడా తీసిపారేసేవాళ్ల మాట వినకండి.

6. అప్పుడు పూర్తి పుల్. మొదటిసారి రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం) దాకా పోకుండా 4,500 దగ్గర ఆపి, నిష్పత్తి చూడాలి. పూర్తిగా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. 14 కనిపిస్తే అక్కడే కాలు తీసేయాలి, వెనక జెట్లు పెంచాకే మళ్లీ లాగాలి. జెట్లు జతలుగా, రెండు సైజుల చొప్పున మారుస్తారు.

7. పెట్రోలు కుదిరాక టైమింగ్‌ను 2 డిగ్రీల చొప్పున పెంచుతూ పుల్ తర్వాత పుల్ చూస్తారు. 32 నుంచి 34కి బాగా పెరిగి, 34 నుంచి 36కి ఒకటి రెండు హార్స్‌పవరే పెరిగితే 34 దగ్గరే ఆపేయమనండి. ఆ ఒకటి రెండు కోసం వేసవి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నాకింగ్ కొనుక్కోవడం దండగ. మధ్యలో ఒకసారి ప్లగ్గులు తీసి భూతద్దంతో చూడాలి. పింగాణీ మీద నల్లటి లేదా మెరిసే చిన్న చుక్కలుంటే నాకింగ్ మొదలైనట్టే.

8. చివర్లో తడబాటు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు చచ్చిపోయేది యాక్సిలరేటర్ పంపు సరిగ్గా చిమ్మకపోవడం వల్ల. పంపు క్యామ్, చిమ్మే రంధ్రం సైజు మార్చి చూస్తారు.

ప్రతి మార్పుకూ ఒక పుల్, ఒక పుల్‌కి ఒకే మార్పు. జెట్లూ టైమింగూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఎయిర్ క్లీనర్, హుడ్డు మీరు రోడ్డు మీద ఎలా తిరుగుతారో అలాగే పెట్టి కనీసం చివరి పుల్ తీయించండి.

కార్బ్యురేటర్ బదులు తనంతట తానే నేర్చుకునే థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ పెట్టుకున్నవాళ్లు ఇదంతా తమకు అక్కర్లేదనుకుంటారు. ఆ పెట్టె నేర్చుకునేది పెట్రోలు సంగతి మాత్రమే. టైమింగ్ ఎంత ఉండాలో దానికి ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

కాగితం చదవడం

చేతికిచ్చే గ్రాఫులో టార్క్ (తిప్పే బలం), హార్స్‌పవర్ గీతలు 5,252 ఆర్‌పీఎం దగ్గర ఒకదాన్నొకటి దాటాలి. పౌండు-అడుగుల్లో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చించి 5,252తో భాగిస్తేనే హార్స్‌పవర్ వస్తుంది కాబట్టి, రెండిటికీ ఒకే కొలమానం వాడితే ఇంకోచోట దాటడం కుదరదు. శిఖరాన్ని చూసి మురిసిపోకుండా 2,000 నుంచి 4,000 దాకా టార్క్ గీత ఎంత బల్లపరుపుగా ఉందో చూడండి, మీరు తోలేది అక్కడే. మధ్యలో గుంట ఉంటే జెట్టింగో ఇగ్నిషనో ఇంకా తేలలేదు. పై ఆర్‌పీఎంలో గీత రంపపు పళ్లలా వణికితే మిస్‌ఫైరో, వాల్వు స్ప్రింగులు చాలకపోవడమో అయ్యుంటుంది. సవరణ ఎస్‌ఏఈయా ఎస్‌టీడీయా అన్నది కాగితం మీద రాసే ఉంటుంది. ముందూ తర్వాతా రెండు గ్రాఫులూ ఒకే సవరణతో ప్రింటు తీసివ్వమనండి.

ఇంటికి వచ్చాక

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) బోల్టు బిగించి, దాని కింద ఇంజను మీదికి వచ్చేలా పెయింటుతో ఒక గీత గీయండి, కదిలితే తెలుస్తుంది. చివరి జెట్ల నంబర్లు, పవర్ వాల్వు, ఐడిల్ వాక్యూమ్, మొత్తం టైమింగ్ ఒక కార్డు మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. చల్లారాక హెడర్ బోల్టులు మళ్లీ బిగించండి, ఆ వేడికి అవి తప్పకుండా వదులవుతాయి. వంద మైళ్లు తిరిగాక ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే అలా వదిలేయండి.

ఊరు మారితే మాత్రం ట్యూనింగ్ కొంత మారుతుంది. సముద్ర మట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి పోతుంది, కార్బ్యురేటర్ పల్చటి గాలిలోకి అదే పెట్రోలు పోస్తూ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. హ్యూస్టన్‌లో కుదిర్చిన బండిని 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌కు తోలుకెళ్తే జెట్లు రెండు మూడు సైజులు తగ్గించాల్సి రావచ్చు. ఆ చిన్న జెట్ల జత కూడా గ్లోవ్ బాక్సులోనే పెట్టుకోండి, తిరిగి కిందికి దిగేటప్పుడు పాతవి మళ్లీ వేయడం మరిచిపోకండి.